తాంబూలం సంచి, జిప్పు పౌచు, మసిగుడ్డ: ఇంట్లో కుట్టి ఇచ్చే కానుకల కొలతలు, కుట్లు

పేరంటంలో ఇచ్చిన తాంబూలం సంచి మరుసటి వారం కూరగాయల బజారులో కనిపిస్తే కుట్టిన చేయి మంచిదని అర్థం. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో బట్టకు కొదవ లేదు. పాత పట్టుచీరలు, చేనేత ముక్కలు, గామ్‌ఛాలు (పల్చటి నూలు తువ్వాళ్లు) పెట్టె నిండా ఉంటాయి. అయినా చేత్తో కుట్టిన కానుకల్లో సగం మూలన పడతాయి. తప్పు పైబట్టది కాదు. ఒక్క ఉతుకుకే ముడుచుకుపోవడం, జిప్పు చివర ఊడిపోవడం, పిడి తెగడం, లోపలి గుడ్డ ఉండలా పోగవడం అసలు కారణాలు. వీటిలో కొన్ని కుట్టు మొదలెట్టకముందు చేసే తడుపు, ఇస్త్రీ, కొలత దగ్గరే తేలిపోతాయి, మిగతావి కుట్టులో. అందుకే ఇక్కడ ఆ పనులకూ చోటిచ్చాం.

ఏ బట్ట దేనికి

కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో అద్దిన నూలు నేస్తారు. మెరూన్, ముదురు గోధుమ, నలుపు, మధ్యలో అద్దకం లేని తెలుపు. రంగు వేసేది బట్టకు కాదు, నూలుకు. కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉండాలి. వెనక వైపు వెలిసినట్టుంటే అది కోట్‌పాడ్ పేరుతో అమ్మే ప్రింటు. అసలు బట్ట మందంగా ఉంటుంది, బక్రం (బట్ట బిగువుగా నిలిచేందుకు వెనక వేసే గుడ్డ) లేకుండానే నిలబడుతుంది. సంచికీ పౌచుకీ ఇంతకంటే మంచిది ఈ చుట్టుపక్కల దొరకదు.

బరంపురం పట్టు అంచు మీది గుడిగోపురం వరస, అంటే ఫోడా కుంభ, పౌచు మీద చక్కగా అమరుతుంది. అయితే పాత చీర కోసేముందు ఒక పరీక్ష పెట్టండి. ఏళ్ల తరబడి మడత పడిన చోట రెండు బొటనవేళ్లతో పట్టుకుని గట్టిగా లాగండి. పోగులు విడిపోతే పట్టు జీర్ణమైందన్నమాట, బక్రం అంటించినా ఆ చోట చిరుగుతుంది. మడతలు వదిలేసి అంచు, కొంగు మాత్రం తీసుకోండి.

పొందూరు ఖాదీ ముక్కలుంటే పట్టు వెనక పొరగా వేయండి. సంచికి అది నాజూకు. లైనింగు కోసం ప్రత్యేకంగా ఖాదీ కొనడం మాత్రం దండగ, లేతరంగు పాప్లిన్ చాలు. లేతరంగు ఎందుకంటే పౌచు అడుగున పడిన చెవిదుద్దు నల్ల లైనింగులో కనిపించదు.

రాయగడ కొండల్లో డొంగరియా కొంధ్ ఆడవాళ్లు కుట్టే కపడాగండా శాలువాలు కొందరు ముక్కలు చేసి పౌచులు కుడుతున్నారు. అలా చేయకండి. నెలల తరబడి చేత్తో కుట్టుపని చేసిన బట్ట అది, దాన్ని శాలువాగానే ఇవ్వాలి.

తడుపు, రంగు, ఇస్త్రీ

కొత్త నూలు బట్ట మీద సుద్దతో 10 అంగుళాల చదరం గీస్తే తడిలో చెరిగిపోతుంది, అందుకని నాలుగు మూలలా దారంతో గుర్తు కుట్టండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి మళ్లీ కొలవండి. 10 అంగుళాలు తొమ్మిదిన్నర అయితే 5 శాతం ముడుచుకుందన్నమాట. ఇంకోసారి తడిపి చూసి, కొలత మారకపోతేనే కత్తెర పట్టండి. లైనింగు, నవారు పట్టీ కూడా ఇలాగే తడపాలి. చాలామంది పైబట్ట తడిపి లైనింగు వదిలేస్తారు. తర్వాత ఉతికినప్పుడు లోపలిది ముడుచుకుని బయటిదాన్ని ముడతలుగా లాగేస్తుంది.

రంగు దిగుతుందేమో చూడడానికి తెల్లగుడ్డ తడిపి బట్ట మీద పెట్టి వేడి ఇస్త్రీ అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ బట్టను విడిగా రెండుమూడు నీళ్లలో ఉతికి మళ్లీ చూడండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఊరంతా చెబుతారు గానీ, అద్దకం అయిపోయిన బట్ట మీద ఉప్పు చేసేదేమీ లేదు. ఇంకా దిగుతుంటే దానికి తెల్ల లైనింగు వేయకండి. కోట్‌పాడ్ బట్టకు చాకలిసోడా, బ్లీచింగు తగలకూడదు.

పట్టును నానబెట్టొద్దు. ఉల్టా వైపు, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి. ఈ మధ్య చీరల్లో జరీ చాలావరకు ప్లాస్టిక్ పోగు, వేడి ఎక్కువైతే ముడుచుకుని బట్టంతా అలలు తేలుతుంది. ముందు ఒక మూల చూసుకోండి.

సూది, దారం

మామూలు నూలుకు 14 నంబరు, పట్టుకు 11, నవారు పిడి దగ్గర, మసిగుడ్డకు 16. అన్నిటికీ ఒకే సూది వాడడం వల్లే సగం చిక్కులు. 14తో పట్టు కుడితే చిల్లులు పడతాయి, 11తో నవారు కుడితే సూది విరుగుతుంది. కుట్టు పొడవు రెండున్నర మి.మీ., అంటే అంగుళానికి 10 కుట్లు. పట్టుకు 2, పైకి కనిపించే కుట్టుకు 3. అడుగు వైపు దారం ఉండలు కడుతుంటే బాబిన్‌తో (అడుగు దారం చుట్టిన చిన్న చక్రం) కుస్తీ పట్టకండి, లోపం పైదారంలోనే ఉంటుంది. మిషను పాదం (బట్టను అదిమిపట్టే భాగం) పైకెత్తి పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి, చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.

తాంబూలం సంచి

ఇది కొబ్బరికాయ కోసం పుట్టిన సంచి, అందుకే అడుగు ఉండాలి. అడుగు లేని బల్లపరుపు సంచిలో కాయ పక్కకు దొర్లి తమలపాకులు, అరటిపళ్లు నలిగిపోతాయి. ఇక్కడి కొలతకు అడుగు 8 × 4 అంగుళాలు, ఎత్తు పదిన్నర వస్తుంది. పేరంటం అయ్యాక మధ్యాహ్నం భోజనం డబ్బాకూ సరిపోతుంది.

ఒక్కో సంచికి 13 అంగుళాల వెడల్పు, 28 పొడవు ఉన్న ఒకే ముక్క కావాలి. పొడవు పడుగు (బట్ట పొడవునా సాగే పోగులు) దిక్కున ఉండాలి, బరువు మోసేది పడుగే. 44 అంగుళాల పన్నాలో (బట్ట వెడల్పులో) పక్కపక్కన మూడు వస్తాయి, 5 అంగుళాలు మిగులుతుంది. 25 మందికి తొమ్మిది వరసలు, అంటే 252 అంగుళాలు. తడుపుకు పోయేది కలుపుకుని 7 మీటర్లు కొనండి, రెండు సంచులు అదనంగా కూడా వస్తాయి. పిడికి అంగుళం వెడల్పు నూలు నవారు, ఒక్కోటి 16 అంగుళాల చొప్పున సంచికి రెండు. 25 సంచులకు 22 మీటర్లు. ఆ రెండు అదనపు సంచులూ కుట్టాలనుకుంటే ఇంకో రెండు మీటర్లు. నైలాన్ నవారు చవకే గానీ బరువుకు చేతిని కోస్తుంది.

ముందు అట్టతో కొలతముక్క కోసుకోండి. బట్ట నాలుగు పొరలకు మించి పేర్చి కోయొద్దు, అడుగు పొర జారి సంచి వంకర పోతుంది.

ఓవర్‌లాక్ మిషను (అంచు పీచు లేవకుండా కుట్టేది) లేని ఇంట్లో పక్క కుట్లు ఇలా వేయండి. ముక్కను అడ్డంగా సగానికి మడవండి, మంచి వైపు బయటికి ఉండాలి. అవును, బయటికే. రెండు పక్కలా పావు అంగుళం దగ్గర కుట్టి, కుట్టు అవతలి బట్టను 3 మి.మీ. మిగిల్చి కత్తిరించండి. సంచిని ఉల్టా తిప్పి, పక్కలు ఇస్త్రీతో నొక్కి, మళ్లీ పావు అంగుళం దగ్గర కుట్టండి. పీచు మొత్తం రెండు కుట్ల మధ్య దాగిపోతుంది. మొదటి కుట్టు తర్వాత కత్తిరించడం బద్ధకిస్తే దారప్పోగులు మంచి వైపు మీసాల్లా పొడుచుకొస్తాయి, అప్పుడు విప్పి కుట్టడం తప్ప దారి లేదు.

ఇక అడుగు. ఉల్టాగానే ఉంచి, మూలలో పక్క కుట్టును అడుగు మడత మీదికి తెచ్చి పరిస్తే త్రికోణం అవుతుంది. కొన నుంచి కుట్టు వెంబడి 2 అంగుళాలు కొలిచి అక్కడ అడ్డగీత గీయండి. గీత పొడవు సరిగ్గా 4 అంగుళాలు రావాలి. మూడున్నరో నాలుగున్నరో వస్తే త్రికోణం వంకరగా పరిచారన్నమాట. గీత మీద రెండుసార్లు కుట్టండి. త్రికోణాన్ని కోసేయొద్దు. అడుగు వైపు మడిచి కొన దగ్గర నాలుగు కుట్లు వేస్తే అడుగుకు బలం. అట్ట మాత్రం కుట్టి పెట్టకండి, మొదటి ఉతుకులోనే నానిపోతుంది.

పై అంచును లోపలికి అర అంగుళం, ఆపైన ఒక అంగుళం మడిచి ఇస్త్రీ చేయండి. పిడి కొనలు పక్క కుట్ల నుంచి మూడేసి అంగుళాల్లో రావాలి. నవారు కొనను ఆ అంగుళం మడత కిందికి పూర్తిగా దూర్చి, పట్టీ సంచి లోపలికి వేలాడుతుండగా, మడత అడుగు అంచున చుట్టూ కుట్టేయండి. తర్వాత పట్టీని పైకి తిప్పి, మడత వెడల్పంత చదరం, దానిలో కొన నుంచి కొనకు రెండు గీతలు కుట్టండి. ఇక్కడ పొరలు ఎక్కువ కాబట్టి 16 నంబరు సూదితో నెమ్మదిగా, మిషను మొరాయిస్తే చక్రం చేత్తో తిప్పుతూ పోవాలి. పిడి తెగేది ఎప్పుడూ పట్టీ మధ్యలో కాదు, ఈ చదరం దగ్గరే. మొదటి సంచిలో 3 కిలోల బియ్యం పోసి కొక్కేనికి గంటసేపు వేలాడదీసి, కుట్టు సాగలేదని చూశాకే మిగతావి మొదలెట్టండి.

పాతిక సంచులు ఒక్కొక్కటిగా పూర్తిచేయడం తెలివైన పని కాదు. అన్నిటికీ పక్క కుట్లు ఒకే విడత, దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి పాదం కిందికి పంపుతూ వేయండి. తర్వాత అన్నీ ఒకేసారి తిప్పి ఇస్త్రీ. సూది మార్చేది పిడి దగ్గర ఒక్కసారే.

లైనింగు ఉన్న జిప్పు పౌచు

రాఖీకి, ఒడిశా వాళ్ల రజో పండక్కి, పెళ్లికూతురి సారెలో పెట్టడానికి వీలైన చిన్న కానుక. పూర్తయ్యాక 8 × 5¼ అంగుళాలు. ఇందులో కష్టం ఒకే చోట ఉంది: జిప్పు చివరలు. జిప్పు పళ్లు పక్క కుట్టులోకి పోతే మూలలు గడ్డకట్టినట్టు ఉబ్బుతాయి, సూది విరుగుతుంది. అందుకే జిప్పును పొట్టిగా కోసి రెండు కొనలకూ గుడ్డ తొడుగు వేస్తాం.

కావలసినవి: పైబట్ట 9 × 6 ముక్కలు రెండు, లైనింగు అదే కొలతవి రెండు, అంటించే బక్రం 8 × 5¼ రెండు, 3 నంబరు నైలాన్ రోల్ జిప్పు 7¾ అంగుళాలు, రన్నర్ (జిప్పు తెరిచి మూసే ముక్క) ఒకటి, తొడుగులకు 3 అంగుళాల పొడవు, జిప్పు పట్టీ అంత వెడల్పున్న ముక్కలు రెండు. గోపాలపురం, ఇచ్ఛాపురం వైపు ఉప్పుగాలికి ఇనుప జిప్పు త్వరగా తుప్పు పడుతుంది, నైలానే మేలు.

1. బక్రాన్ని ఉల్టా వైపు, పక్కలా అడుగునా అర అంగుళం, పైన పావు అంగుళం వదిలి పెట్టండి. ఇస్త్రీపెట్టెను తోయకూడదు, ఎత్తి ఎత్తి అదమాలి, ఒక్కో చోట పది సెకన్లు. చల్లారేదాకా కదపొద్దు, వేడిగా ఉండగా ఎత్తితే బుడగలు లేస్తాయి. కోట్‌పాడ్ అయితే ఈ మెట్టు అక్కర్లేదు. పట్టుకు వేడి తగ్గించలేమనుకుంటే బక్రం మానేసి మల్లుగుడ్డ వెనక పెట్టి కచ్చాకుట్టు వేసుకోండి.

2. జిప్పు రెండు కొనలూ సమానంగా కోసి, రెండు వైపులా ఒకేసారి రన్నర్‌లోకి ఎక్కించండి. ఒక వైపు ఒక్క పన్ను ముందున్నా జిప్పు అలలా వంకరపోతుంది. రన్నర్‌ను మధ్యలో ఆపి వెంటనే తొడుగులు వేయండి, లేదంటే ఊడి చేతికొస్తుంది.

3. తొడుగు ముక్క రెండు కొనలనూ అర అంగుళం లోపలికి మడిచి, మొత్తాన్ని సగానికి మడవండి. జిప్పు కొనను దాని మధ్యకు 10 మి.మీ. దూర్చి అంచున కుట్టండి. రెండు వైపులా అయ్యాక మొత్తం పొడవు 9 అంగుళాలు ఉండాలి. తక్కువైతే తొడుగు పక్క కుట్టుకు అందదు.

4. పైబట్ట మంచి వైపు మీ వైపు ఉంచి, పై అంచున జిప్పును బోర్లా పెట్టండి, రన్నర్ బట్టకు తగలాలి. దాని మీద లైనింగు, మంచి వైపు కిందికి. మూడింటినీ జిప్పు పాదంతో పావు అంగుళం దగ్గర కుట్టండి. రన్నర్ దగ్గరికి వచ్చేసరికి సూదిని బట్టలో దించి ఉంచి, పాదం ఎత్తి, రన్నర్‌ను వెనక్కి జరిపి కొనసాగండి. రన్నర్‌ను చుట్టివెళ్తే అక్కడ బుడిపె పడుతుంది.

5. రెండు బట్టలనూ జిప్పు నుంచి వెనక్కి మడిచి ఇస్త్రీ చేసి, అంచుకు 3 మి.మీ. దూరంలో పైన ఒక కుట్టు వేయండి. ఇది అందానికి కాదు, ఈ కుట్టు లేకపోతే లైనింగు రన్నర్‌లో చిక్కుకుంటూనే ఉంటుంది. రెండో వైపూ ఇలాగే.

6. జిప్పును సగం తెరవండి. ఇది మరిస్తే పౌచు తిప్పడానికి దారి ఉండదు.

7. పైబట్టలు రెండూ ఒక వైపు, లైనింగులు రెండూ మరో వైపు, మంచి వైపులు ఎదురెదురుగా పెట్టండి. జిప్పు పళ్లు లైనింగు వైపుకు ఒరగాలి, అటు తిప్పితే మూలలు పదునుగా వస్తాయి. పైబట్ట వైపు అర అంగుళం, లైనింగు వైపు దానికంటే 3 మి.మీ. ఎక్కువ లోపలికి కుట్టండి. లోపలిది కాస్త చిన్నదైతేనే ఉండలా పోగవదు. లైనింగు అడుగున 3 అంగుళాలు తెరిచి వదలండి.

8. మూలలను కుట్టుకు 3 మి.మీ. దూరంలో ఏటవాలుగా కత్తిరించి, తెరిచిన చోటు నుంచి తిప్పండి. మూలలు తోయడానికి కత్తెర మొన వద్దు, వెదురు పుల్ల వాడండి. తెరిచిన చోటు కుట్టేసి లైనింగు లోపలికి నెట్టండి.

బరంపురం అంచు వాడుతుంటే గోపురాల వరస పౌచు అడుగున కాకుండా జిప్పుకు అంగుళం కింద వచ్చేలా కోయండి. అడుగున పెడితే అర అంగుళం కుట్టులో పోయి గోపురాలు సగానికి తెగుతాయి. ముందూ వెనకా వరస కలవాలంటే రెండో ముక్కను మొదటిదాని మీద పెట్టి గుర్తు చేసి కోయండి. పట్టుకు గుండుసూదులు కుట్టు మార్జిన్‌లోనే గుచ్చాలి, వేరే చోట గుచ్చితే చిల్లు పోదు.

మిగిలిన ముక్కలకు కళ్లజోడు సంచి

ఎనిమిదిన్నర వెడల్పు, 8 ఎత్తు ఉన్న ముక్కలు: పైబట్ట ఒకటి, ఫ్లానెల్ లైనింగు ఒకటి. రెండిటి పై అంచులను అర అంగుళం దగ్గర కలిపి కుట్టి, విప్పి పొడవు పట్టీలా పరచండి. నిలువుగా మడిచి పక్క, రెండు కొనలు కుట్టండి. లైనింగు కొన దగ్గర 3 అంగుళాలు వదిలి తిప్పండి. మూడు ముప్పావు వెడల్పు, 7 పొడవు సంచి వస్తుంది. అద్దాలకు తగిలేది లోపలి గుడ్డే కాబట్టి ముతక నూలు, జరీ లోపల వేయొద్దు.

మసిగుడ్డల జత

కొత్త కాపురానికి ఇంతకంటే పనికొచ్చే కానుక లేదు. అందరూ చేసే పొరపాటు ఒకటుంది: మెత్తగా ఉంటుందని లోపల స్పంజి, పాలిస్టర్ దూది పెట్టడం. వేడి మూకుడు చెవి తగిలితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. లోపలా బయటా నూలే ఉండాలి, దారం కూడా.

ఒక్కోదానికి బయట గామ్‌ఛా ముక్కలు రెండు, లోపల పాత నూలు తువ్వాలు మూడు పొరలు, అన్నీ 9 అంగుళాల చదరాలు. పేర్చి మధ్య నుంచి మొదలెట్టి బయటికి, ఏటవాలుగా ఒకటిన్నర అంగుళాల దూరంలో గీతలు కుట్టండి, కుట్టు పొడవు 3.5 మి.మీ. ఒక అంచు నుంచి రెండో అంచుకు కుట్టుకుంటూ పోతే పై పొర జరిగి చివర ముడతలా పోగవుతుంది. కుట్టాక 8 అంగుళాలకు సరిచేసి కోయండి. తొమ్మిదితో మొదలెట్టింది అందుకే.

చుట్టూ 2 అంగుళాల వెడల్పు క్రాస్ పట్టీ (బట్టను ఏటవాలుగా కోసింది), తగిలించే ఉచ్చుతో కలిపి 41 అంగుళాలు కావాలి. ముందు వైపు 10 మి.మీ. దగ్గర కుట్టి, వెనక్కి తిప్పి మడిచి కుట్టండి. మూలలను గుండ్రంగా కోసుకుంటే పట్టీ హాయిగా తిరుగుతుంది. నిలువుగా కోసిన పట్టీ వేస్తే గుండ్రటి మూలల దగ్గర ముడతలే మిగులుతాయి.

ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పండి: తడిసిన మసిగుడ్డతో వేడి గిన్నె పట్టకూడదు. నీళ్లు వేడిని వెంటనే చేతికి చేరుస్తాయి, అందుకే రెండు ఇస్తాం, ఒకటి ఆరుతుంటే రెండోది వాడుకోవడానికి.

ఇచ్చే ముందు

దారప్పోగులు కత్తిరించి, సుద్ద గుర్తులు తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఇస్త్రీ చేయండి. సుద్ద గీత మీద ముందు ఇస్త్రీ చేస్తే అది అక్కడే నిలిచిపోవచ్చు. వానాకాలంలో ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టకండి, చెమ్మ లోపలే ఉండి బూజు మచ్చలు వస్తాయి. కాగితంలో చుట్టండి. నాఫ్తలీన్ ఉండలు పట్టు, జరీలకు నేరుగా తగలకూడదు. లోపల చిన్న చీటీ పెట్టండి, ఇరుగుపొరుగు ఒడియా వాళ్లకు ఇస్తుంటే తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయండి: సంచి అయితే "మామూలుగా ఉతకవచ్చు", కోట్‌పాడ్ అయితే "మొదటి రెండుసార్లు విడిగా, సోడా లేకుండా ఉతకండి", పట్టు పౌచు అయితే "ఉతకవద్దు, తడిగుడ్డతో తుడవండి".